ఆసుపత్రి జీతమా, కాలేజీ జీతమా?

చిరంజీవి అమ్ములుకి పెద్దమ్మ ఆశీస్సులు.

బెంగళూరు బన్నేరఘట్ట రోడ్డు ఆసుపత్రి వాళ్లు ఆపరేషన్స్‌లో, అంటే ఆసుపత్రి నిర్వహణ పనుల్లో, ఏడాదికి 9 లక్షలు ఇస్తామన్నారనీ, కాలేజీ వాళ్లు నెలకు 50 వేలే అన్నారనీ రాశావు. ఆ రెండు అంకెల్నీ అలా పక్కపక్కన పెట్టి చూడకు తల్లీ.

9 లక్షలంటే నెలకు 75 వేలు అనిపిస్తుంది. నీ బేసిక్ 30 వేలనుకుందాం. దాని మీద యాజమాన్యం కట్టే పీఎఫ్ 12 శాతం, గ్రాట్యుటీ 4.81 శాతం కూడా ఆ 9 లక్షల్లోనే కలిపి చూపిస్తారు. అందులో వేరియబుల్ పే పది శాతం ఉంటే ఏడాదికి ఆ 90 వేలూ టార్గెట్లు అందితేనే. నీ వాటా పీఎఫ్, 200 వృత్తి పన్ను పోగా నెలనెలా బ్యాంకులో పడేది 58 వేల చిల్లర. పైగా రాత్రి పదకొండింటికి ఐసీయూలో బెడ్ లేదని ఫోను, డిశ్చార్జి అయిన పేషెంటు టీపీఏ (ఇన్సూరెన్స్ క్లెయిములు చూసే సంస్థ) అప్రూవల్ రాక కౌంటర్ దగ్గర గొడవ, ఇవన్నీ ఆ డబ్బులోనే.

ఇక కాలేజీ. యూజీసీ ఏడో వేతన స్కేలులో అసిస్టెంట్ ప్రొఫెసర్ బేసిక్కే 57,700. ఏటా సుమారు 3 శాతం ఇంక్రిమెంట్. కేంద్ర సంస్థల్లో 2024లో డీఏ (కరవు భత్యం) 50 శాతానికి చేరాక బెంగళూరులో హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) 30 శాతమైంది, అంటే నెలకు మొత్తం లక్ష దాటింది. అలాంటి పోస్టయితే కళ్లు మూసుకుని చేరమనేదాన్ని. నీకు చెప్పిన 50 వేలు కన్సాలిడేటెడ్, అంటే అన్నీ కలిపి ఒకే మొత్తం. డీఏ ఉండదు, ఇంక్రిమెంట్‌కి హామీ ఉండదు. అడ్మిషన్ల సీజన్‌లో పిల్లల్ని చేర్పించే బాధ్యత కూడా నెత్తిన పెడతారేమో, ముందే అడుగు. వేసవి సెలవులకు జీతం ఇస్తారో లేదో కూడా.

నా మాట అడిగితే, ముందు ఆసుపత్రిలోనే చేరు. బిల్లింగ్, ఎన్‌ఏబీహెచ్ (ఆసుపత్రుల నాణ్యతకు గుర్తింపు ఇచ్చే బోర్డు) ఆడిట్, బెడ్ల లెక్క చేత్తో చేసినవాళ్లు పాఠం చెబితే పిల్లలు వేరేగా వింటారు. లెక్చరర్ అర్హత పరీక్ష నెట్ పాసయ్యావు కాబట్టి తర్వాత పీహెచ్‌డీ చేసి స్కేలు పోస్టుకి వెళ్లొచ్చు. పాఠాలతో మొదలుపెట్టి ఆసుపత్రికి రావడం చాలా కష్టం, వచ్చినా కింది మెట్టు నుంచే తీసుకుంటారు.

సంతకం పెట్టేముందు హెచ్‌ఆర్‌ని జీతం బ్రేకప్ కాగితం మీద ఇమ్మను. నైట్ డ్యూటీకి బదులు సెలవు ఇస్తారా, నోటీసు పీరియడ్ ఎన్ని నెలలు, బాండ్ ఏమైనా ఉందా, మూడూ రాతపూర్వకంగా తీసుకో. ఆ కాగితం రాగానే వాట్సాప్‌లో నాకు పంపు, ఇద్దరం కూర్చుని లైనువారీ చూద్దాం.

మీ పెద్దమ్మ