బ్రూనోని బోర్డింగ్‌కి పంపేముందు

చిరంజీవి స్వాతికి,

సంక్రాంతికి వారం రోజులు ఊరెళ్తూ నీ కుక్క బ్రూనోని బోర్డింగ్‌లో, అంటే కుక్కల్ని ఉంచుకుని చూసుకునే చోట, పెడతానన్నావు. ఇంకా ఆరు వారాలుంది, తీరిగ్గా చెయ్యొచ్చు. అంతా ఆఖర్న హడావిడిగా కానిస్తే చోటూ, మనుషులూ, తిండీ, పడకా వాడికి ఒక్కసారే కొత్తవైపోతాయి. కడుపు పాడయ్యేదీ, రాత్రంతా మొరిగేదీ అందుకే. చోటొక్కటే కొత్తదై, మిగతావన్నీ ఇంటివే ఉండేట్టు చూడు.

ముందు వ్యాక్సిన్ కార్డు తియ్యి. రేబిస్ టీకా, చాలా జబ్బులకి కలిపి వేసే నైన్ ఇన్ వన్ టీకా రెండూ వేయించి ఏడాది దాటితే ఈ వారమే వేయించు. కెనెల్ కాఫ్‌కి వేరే టీకా అడుగు. నాలుగు కుక్కలు ఒకేచోట ఉంటే గాలిలోనే అంటుకునే దగ్గు అది. ముక్కులో చుక్కలుగా వేసేదైతే ఒక్క డోసు చాలు. సూదిమందైతే మొదటిసారి రెండు నుంచి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు కావాలి. అందుకే ఇప్పుడే వెళ్లమంటున్నా. నట్టల మందు, గోమార్ల మాత్ర కూడా అప్పుడే అడుగు. మాత్ర నెలకొకసారి వేసేదైతే, వాడు అక్కడున్న రోజులన్నీ దాని గడువులోపే పడాలి.

చోటు చూడ్డానికి పగలు వెళ్లు. కుక్కలుండే గదులు చూపించకుండా ఆఫీసు గదిలోనే కూర్చోబెడితే లేచి వచ్చెయ్. బయటికి రెండు తలుపులున్నాయా, ఒకటి మూశాకే రెండోది తీస్తారా చూడు. పారిపోయే కుక్కలు తలుపు తీసిన ఆ క్షణంలోనే పారిపోతాయి. రాత్రి అక్కడే పడుకునే మనిషి ఎవరు, అర్ధరాత్రి ఒంట్లో బాగోకపోతే ఏ వెట్ (పశువుల డాక్టర్) దగ్గరికి తీసుకెళ్తారు? అడగడానికి మొహమాటపడకు. పెద్దవీ చిన్నవీ కలిపి వదిలేస్తారేమో కూడా కనుక్కో.

ఇంట్లో చెయ్యాల్సింది ఇంకోటుంది. వాడు నీ మంచం మీదే పడుకుంటాడు కదా, ఇవాళ్టినుంచే కింద వాడి పరుపు మీదికి మార్చు. పక్క గదిలో నమిలే బొమ్మ ఇచ్చి పది నిమిషాలు తలుపెయ్యి, అరవకముందే తియ్యి. రోజురోజుకీ పెంచుతూ రెండు గంటల దాకా తీసుకెళ్లు. తర్వాత బోర్డింగ్‌లోనే ఓ పూట, మరో వారం ఓ రాత్రి వదిలి చూడు. నువ్వు తిరిగొస్తావని వాడికి తెలిసేది ఇలాగే.

తిండి దగ్గరే ఎక్కువమంది పొరపాటు చేస్తారు. "వాళ్లే పెడతారుగా" అనుకోకు. బ్రాండు మారితే రెండోరోజుకే మోషన్స్. వాడు తినేదే త్రాసులో తూచి పూటకో జిప్ కవర్ కట్టు. రోజుకు 320 గ్రాములు తింటే పూటకి 160 చొప్పున ఏడు రోజులకి పద్నాలుగు కవర్లు, ఆలస్యమైతే అని ఇంకో నాలుగు. కవర్ మీద "ఉదయం", "రాత్రి" అని మార్కర్‌తో రాయి. పెరుగన్నం అలవాటుంటే ఆ మాట కూడా చెప్పు. మందులుంటే వెట్ చీటీతో సహా ఇవ్వు.

నువ్వు రెండ్రోజులు కప్పుకున్న దుప్పటి ఉతక్కుండా పంపు, జనవరి చలికి పనికొస్తుంది, నీ వాసనా ఉంటుంది. కొత్తది కొనకు. మెడ బెల్టు కింద రెండు వేళ్లు దూరాలి, మూడు దూరితే తల జారిపోతుంది. బిళ్ల మీద నీ నంబరుతో పాటు బోర్డింగ్ ఉన్న ఊళ్లోనే ఉండే ఇంకొకరిది కూడా ఉండనీ.

వదిలే రోజు ఉదయమే వెళ్లు, చీకటి పడేలోగా వాడికి చోటు అలవాటవుతుంది. కారెక్కే ముందు మూడు నాలుగు గంటలు కడుపు ఖాళీగా ఉంచు, నీళ్లు మాత్రం ఇవ్వొచ్చు. గేటు దగ్గర కౌగిలించుకుని ఏడవకు, గొలుసు చేతికిచ్చి వచ్చెయ్. మొదటిరోజు తినకపోవడం మామూలే. 24 గంటలు దాటినా ముట్టకపోయినా, నీళ్లు కూడా తాగకపోయినా, వాంతులైనా వెట్‌కి చూపించమని ముందే చెప్పి, ఖర్చుకి ఒప్పుకుంటున్నట్టు రాసిచ్చి రా.

ఇంటికొచ్చాక గొంతు బొంగురుపోయి ఉంటుంది, ఒకటిరెండు రోజులు పడి నిద్రపోతాడు. గిన్నెడు నీళ్లు గటగటా తాగనివ్వకు, కొంచెం కొంచెంగా పొయ్యి. స్నానానికి ముందే చెవుల లోపల, వేళ్ల మధ్య, బెల్టు కింద వేలితో తడిమి చూడు. పెసరగింజలా గట్టిగా తగిలితే గోమారే. పట్కారుతో చర్మానికి ఆనించి పట్టి నిలువుగా లాగు, మెలితిప్పకు. గోమార్లు కుట్టడం వల్ల వచ్చే టిక్ ఫీవర్ ఒకటి నుంచి మూడు వారాల తర్వాత కూడా బయటపడుతుంది. ఆ లోపు నీరసపడినా, చిగుళ్లు పాలిపోయినా, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు దగ్గినా వెట్‌కి "బోర్డింగ్‌లో ఉండొచ్చాడు" అని మొదటి మాటగా చెప్పు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ