నానీ, అమ్మని ఎడారికి తీసుకెళ్ళే ముందు ఇది చదువు

ఒరేయ్ నానీ,

నువ్వు జర్మనీ నుంచి పంపిన మొరాకో టూర్ ప్లాన్ చూశాను రా, పెదనాన్నకి కూడా చదివి వినిపించా. మర్రకేష్‌లో ఎక్కించుకుని మూడు రోజులు రెండు రాత్రులు తిప్పి మళ్ళీ మర్రకేష్‌లోనే దింపేస్తారు, షేరింగ్ వ్యాను, రేటు కూడా తక్కువే, నువ్వొక్కడివే అయితే నేనేం మాట్లాడేదాన్ని కాదు, హాయిగా వెళ్ళిరా నాన్నా అనేసేదాన్ని. కానీ వెంట మీ అమ్మ ఉంది. మోకాళ్ళ నొప్పులు, బీపీ, గుడ్డు కూడా ముట్టని మనిషి. మేము మీ అక్కతో కలిసి అదే దారిలో వెళ్ళొచ్చాం కదా, అందుకే ఇంత పొడుగు రాస్తున్నా, ఓపిగ్గా చదువు.

అన్నిటికంటే ముందు నీకు అర్థం కావాల్సింది ఏంటంటే, ఎడారి టూర్ అంటారు గానీ అందులో ముప్పాతిక వంతు రోడ్డేరా. మనవాళ్ళంతా దుబాయ్ వెళ్ళి సాయంత్రం జీపెక్కి ఇసుకలో నాలుగు రౌండ్లు కొట్టి డిన్నర్ తిని రాత్రికి హోటల్‌కి వచ్చేస్తారు చూడు, ఇది అలాంటిది కాదు. మర్రకేష్ నుంచి ఇసుక దిబ్బల పక్కనుండే మెర్జూగా ఊరికి దగ్గర దగ్గర 560 కిలోమీటర్లు, అంటే బెజవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చినంత, అదీ మన హైవే లాంటి రోడ్డు కాదు, మధ్యలో అట్లాస్ కొండలు దాటాలి. తిజీ ఎన్ తిష్కా అని ఒక కనుమ ఉంది, 2,260 మీటర్ల ఎత్తు, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ మలుపులే మలుపులు. నీ ప్లాన్‌లో మొదటి రెండు రోజులు కాస్త ఆగుతూ వెళ్తారు సరే, మూడో రోజు చూడు, పొద్దున్నే లేపి పది గంటల పాటు ఒకటే తోలుడు. మా గ్రూపులో ఒక పెద్దాయనకి చివరి వరస సీటు ఇచ్చారు, ఆ కనుమ దగ్గర ఆయన పడిన అవస్థ చూడలేకపోయాం, కవర్ పట్టుకుని కళ్ళు మూసుకుని కూర్చున్నాడు, కిటికీ అవతల అంత అందమైన లోయ ఉంది, ఆయన ఒక్కటీ చూడలేదు.

అందుకని నా మాట విని వచ్చిన దారినే వెనక్కి వెళ్ళే టూర్ వద్దు. మర్రకేష్‌లో మొదలెట్టి ఫెజ్ అనే ఇంకో ఊళ్ళో దింపేవి ఉంటాయి, అదే ఏజెంట్లే చేస్తారు, అడగాలి అంతే. మెర్జూగా నుంచి ఫెజ్ కూడా దూరమే, ఏడెనిమిది గంటలు పడుతుంది, కానీ చూసిందే చూడటం ఉండదు, జిజ్ లోయలో ఖర్జూరం తోటలు, తర్వాత మిదెల్త్ ఊరు, అజ్రూ దగ్గర దేవదారు అడవి, అక్కడ రోడ్డు పక్కనే కోతులు కూడా కనపడతాయి. ఇంకో రోజు కలిపి నాలుగు రోజులు చేసుకో, మొదటి రాత్రి వర్జజాత్‌లోనో అయిత్ బెన్‌హద్దూలోనో ఆగండి, మర్రకేష్ నుంచి నాలుగైదు గంటల్లో చేరిపోతారు. ఆ అయిత్ బెన్‌హద్దూ అంటే మట్టిగోడలతో కట్టిన పాత కోట ఊరు, 1987లో యునెస్కో లిస్టులో పెట్టారు, సాయంత్రం టూరిస్టు బస్సులు వెళ్ళిపోయాక చూస్తే ఆ గోడలు ఎర్రబడతాయి, చాలా బాగుంటుంది. పైదాకా ఎక్కాలంటే మెట్లున్నాయి, మీ అమ్మని ఎక్కించకు, కింద వాగు ఇవతల టీ కొట్లో కూర్చోబెడితే ఊరంతా ఎదురుగా కనపడుతుంది.

ఇంకోటి, రెండు రోజుల్లో ఎడారి చూపిస్తాం అనేవాళ్ళు తగులుతారు. వాళ్ళు తీసుకెళ్ళేది జగోరా. అక్కడ ఇసుక దిబ్బలు చిన్నవి, ఫోటోలో చూపించేవి అవి కావు. మర్రకేష్ పక్కనే అగఫాయ్ అని ఇంకోటి అమ్ముతారు, అది రాళ్ళ నేల, ఇసుక తిన్నెలే ఉండవు. అంత ఖర్చు పెట్టి అమ్మని తీసుకెళ్తున్నావు కాబట్టి మెర్జూగాకే వెళ్ళు, అక్కడ ఎర్గ్ షెబ్బీ అంటారు ఆ దిబ్బల్ని, కొన్ని 150 మీటర్ల దాకా లేస్తాయి, అవతల అల్జీరియా బోర్డర్.

ఎప్పుడు వెళ్ళాలి అన్నది. ఆగస్టులో లీవు దొరుకుతుంది అన్నావు, ఆగస్టు వద్దంటే వద్దు. అక్కడ అప్పుడు 45 డిగ్రీలు ఉంటుంది. మేం బెజవాడ ఎండ చూసినవాళ్ళమే కదా అంటుంది మీ అమ్మ, నాకు తెలుసు, కానీ ఆ ఎండ వేరు. మనకి ఉక్కపోత, చెమటకి జాకెట్టు తడిసి ముద్దయిపోతుంది, ఒంట్లో నీళ్ళు పోతున్నాయని మనకే తెలుస్తుంది, నీళ్ళు తాగుతాం. అక్కడ గాలి పొడి, చెమట పట్టిన క్షణంలోనే ఆరిపోతుంది, ఒళ్ళు పొడిగానే ఉంటుంది, దాహం కూడా వెయ్యదు, ఈలోపు తలనొప్పి మొదలవుతుంది, కళ్ళు తిరుగుతాయి. కాబట్టి ఏ నెలలో వెళ్ళినా సరే దాహం వేసేదాకా ఆగొద్దు, గంటకోసారి నువ్వే బాటిల్ చేతికిచ్చి తాగించు. బాత్రూమ్‌కి లేవాలని నీళ్ళు తాగడం మానేస్తుంది చూడు, ప్రయాణాల్లో మీ అమ్మకి ఎప్పుడూ అదే అలవాటు, దాన్ని మాత్రం ఒప్పుకోకు. ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇక్కడ నుంచే తెమ్మని చెప్తా. బీపీ మాత్రల్లో కొన్నిటికి యూరిన్ ఎక్కువ వస్తుంది, అలాంటిది వాడుతుందేమో వాళ్ళ డాక్టర్‌ని ఒకసారి అడగమను, వాంతులకి అవోమిన్ వేసుకోవచ్చా అనేది కూడా అప్పుడే అడగాలి, అది వేసుకుంటే నిద్రమత్తు వస్తుంది.

అక్టోబర్, నవంబర్ మంచిది. మార్చి నుంచి మే కూడా బాగానే ఉంటుంది గానీ అప్పుడు గాలిదుమారాలు ఉంటాయి. డిసెంబర్, జనవరిలో పగలు హాయిగా ఉన్నా రాత్రి సున్నా దగ్గరికి పడిపోతుంది, కొండ మీద మంచు పడితే ఆ కనుమ రోడ్డు మూసేస్తారు కూడా. నన్నడిగితే దీపావళి అయిపోయిన మర్నాడో ఆ తర్వాతి రోజో ఎడారిలో ఉండేలా చూసుకో. ఎందుకంటే అమావాస్య చుట్టుపక్కల రోజులు, చందమామ ఉండదు, నక్షత్రాలు ఎలా కనపడతాయో నేను చెప్పలేను రా, అక్క అయితే పాలపుంత చూసి చాలాసేపు మాట్లాడలేదు. పౌర్ణమికి వెళ్తే ఇసుక మెరుస్తుంది, అదీ ఒక అందమే, కానీ నక్షత్రాలు సగం మాయమైపోతాయి. టూర్ ఏజెంట్లు ఈ సంగతి చెప్పరు, మన గోడ మీద క్యాలెండర్ చూసి డేట్లు పెట్టుకో. వాన సంగతి కూడా కనుక్కోండి, ఎడారిలో వానేంటి అనుకోకు, 2024 సెప్టెంబర్‌లో ఆ దక్షిణం వైపు కుండపోతగా పడి వరదలొచ్చాయి, దశాబ్దాలుగా ఎండిపోయి ఉన్న ఇరికి సరస్సు నిండింది. ఆ రోడ్లు వాగుల మీదుగా వెళ్తాయి కాబట్టి డ్రైవర్ ఈ రోజు వద్దు అంటే వాదించకు.

ఇప్పుడు ఒంటె. అమ్మకి ఎక్కాలని ఉంటే ఎక్కించు, భయపడితే బలవంతం చెయ్యకు, క్యాంపు దాకా ఫోర్ వీల్ జీపు కూడా వెళ్తుంది, కాస్త ఎక్స్‌ట్రా తీసుకుంటారు, ముందే మాట్లాడుకోవాలి. ఒంటె మీద గంట, గంటన్నర ప్రయాణం, తొడలు పట్టేస్తాయి. ఎక్కేటప్పుడు జాగ్రత్త, ఒంటె లేచేటప్పుడు మొదట వెనక కాళ్ళు లేపుతుంది, మనం ఒక్కసారిగా ముందుకి పడబోతాం. జీను ముందు ఇనప కడ్డీ ఉంటుంది, రెండు చేతులతో అది గట్టిగా పట్టుకుని ఒళ్ళు వెనక్కి వాల్చాలి, దిగేటప్పుడు మొదట ముందరి కాళ్ళు మడుస్తుంది, అప్పుడూ వెనక్కే వాలాలి. ఎక్కకముందే ఇది మీ అమ్మకి రెండు సార్లు చెప్పు. చీర వద్దు, వదులు ప్యాంటు, పొడుగు చేతుల కుర్తా, తలకి కాటన్ చున్నీ. ఒంటెల్ని తాడుతో ఒకదాని వెనక ఒకటి కట్టి ఒక కుర్రాడు ముందు నడుస్తాడు, అమ్మని మొదటి ఒంటె మీద కూర్చోబెట్టమను, ఆ అబ్బాయి దగ్గరగా ఉంటాడు, నువ్వు దాని వెనకే ఉండు. ఆ అబ్బాయికి విడిగా డబ్బులు ఇవ్వాలి, అంత ఇసుకలో నడిచేది వాడే.

క్యాంపు విషయంలో మాత్రం డబ్బు దగ్గర వెనకాడకు నాన్నా. మామూలు క్యాంపుల్లో బాత్రూములు అందరికీ కలిపి ఒకచోట ఉంటాయి, రాత్రి రెండింటికి చలిలో టార్చ్ వేసుకుని ఇసుకలో నడవాలి, అరవై దాటిన మనిషికి అది కష్టం. టెంటుకే అటాచ్డ్ బాత్రూమ్ ఉన్నవి ఉన్నాయి, అదే తీసుకో. కమోడే ఉంటుంది, మగ్గు ఉండదు, చిన్న మగ్గు ఒకటి బ్యాగులో పెట్టుకోండి. నీళ్ళు దూరం నుంచి తెస్తారు కాబట్టి పొదుపుగా వాడాలి. రాత్రి చలికి దుప్పట్లు బరువైనవి ఇస్తారు, అయినా శాలువా, సాక్సులు ఉండాలి. పొద్దున బూట్లు వేసుకునేముందు బోర్లించి దులపండి, తేళ్ళు ఉండొచ్చు.

తిండి. వెజిటేరియన్ అని ఒక్క మాట చెప్పి ఊరుకుంటే చాలదు. కూరగాయల తజీన్ అని, అంటే మట్టిమూకుడులో మూతపెట్టి వండే కూర, పెడతారు, మాంసం వండిన గిన్నెలోంచే ముక్కలు పక్కకి తీసి ఇచ్చినా వాళ్ళ దృష్టిలో అది కూరగాయలదే, హరీరా సూపులో కూడా చాలాసార్లు మాంసం నీళ్ళు ఉంటాయి. మాంసం, చికెన్, చేప, గుడ్డు, వాటి రసం ఏదీ వద్దు అని ఒక్కోటి పేరు పెట్టి ఫ్రెంచ్‌లో రాయించి బుకింగ్‌లోనే పెట్టించు, మళ్ళీ మొదటి రోజు పొద్దున డ్రైవర్‌కి చూపించు, క్యాంపులో వంటవాడికి కూడా చూపించు. వాళ్ళు మంచివాళ్ళు రా, విషయం అర్థమైతే మనసుపెట్టి చేస్తారు, మాకు ఆలుగడ్డ, క్యారెట్, ఆలివ్‌లు వేసి విడిగా చిన్న మట్టిమూకుడులో చేసిచ్చాడు ఒకాయన, పైన మూత తీయగానే జీలకర్ర వాసన వచ్చింది, మీ పెదనాన్న దాని మీద గుంటూరు కారప్పొడి చల్లుకుని రొట్టెతో మొత్తం ఊడ్చేశారు. కారప్పొడి, పులిహోర పేస్టు, జంతికలు, చెకోడీలు నేను కట్టి పంపిస్తా, నూనె కారే పచ్చళ్ళు వద్దు. ఖర్జూరాలు అక్కడ కొనుక్కోండి, ఎర్ఫూద్, రిస్సానీ వైపు చాలా బాగుంటాయి.

వ్యాను మధ్యమధ్యలో తివాచీల కొట్టు దగ్గర, ఆర్గాన్ నూనె కొట్టు దగ్గర ఆపుతారు. టీ ఇస్తారు, తాగండి, కొనాలని రూలేం లేదు, వద్దు అని నవ్వుతూ చెప్పి వచ్చెయ్యండి. దిర్హమ్‌లు అక్కడికి వెళ్ళాకే మార్చుకోవాలి, యూరోలు పట్టుకెళ్ళు, చిన్న నోట్లు దగ్గర పెట్టుకో, మధ్యాహ్నం భోజనం చాలా టూర్లలో కలిపి ఉండదు, టిప్పులకి, బాత్రూములకి క్యాషే కావాలి. ఏటీఎం పని మర్రకేష్‌లోనో వర్జజాత్‌లోనో కానిచ్చెయ్యి. ఫోన్, కెమెరా జిప్ కవర్‌లో పెట్టండి, ఆ ఇసుక పిండిలా సన్నగా ఉంటుంది, ఛార్జింగ్ పిన్‌లోకి దూరిందంటే అంతే. పవర్ బ్యాంక్ ఫుల్ చేసుకునే వెళ్ళు.

పొద్దున్నే సూర్యోదయానికి అందరూ పెద్ద దిబ్బ ఎక్కుతారు. రెండడుగులు వేస్తే ఒకడుగు కిందికి జారుతుంది, మీ అమ్మ వల్ల కాదు. క్యాంపు వెనకాల చిన్న దిబ్బ మీద తూర్పుకి తిరిగి కూర్చోబెట్టు, కింద శాలువా పరిచి, ఆ టైంలో ఇసుక చల్లగా ఉంటుంది. అక్కడి నుంచి చూసినా వెలుగు ఒక్కో దిబ్బ అంచు మీదికి పాకుతూ రావడం కనపడుతుంది. నువ్వు మాత్రం ఆమెని వదిలేసి పైకి పోకు, క్యాంపు మనిషినెవరినైనా తోడు కూర్చోమని చెప్పి అప్పుడు వెళ్ళు. ఒంటరిగా ఎవ్వరూ దూరం నడవొద్దు, ఏ దిబ్బ చూసినా ఒకేలా ఉంటుంది, గాలొస్తే కాలిగుర్తులు చెరిగిపోతాయి.

అసలు వీటన్నిటికంటే ముందు మీ అమ్మ పాస్‌పోర్టులో షెంగెన్ వీసా, అదే జర్మనీతో పాటు యూరప్‌లో చాలా దేశాలకి కలిపి ఇచ్చే వీసా, తీసి చూడు, ఎన్ని ఎంట్రీలని ఉందో. మొరాకో షెంగెన్‌లో లేదు. సింగిల్ ఎంట్రీ అయితే మీరు ఒకసారి జర్మనీ దాటి మొరాకో వెళ్ళారంటే మళ్ళీ ఆమెని లోపలికి రానివ్వరు, నువ్వు అక్కడే ఉంటున్నావు కాబట్టి నీకు పర్వాలేదు, ఆమె చిక్కుకుపోతుంది. అలా అయితే ఈ ట్రిప్ ఆమె తిరుగు ప్రయాణానికి జత చేసుకో, ఫెజ్ నుంచి కాసాబ్లాంకా వెళ్ళి అక్కడి నుంచి దోహా మీదుగానో దుబాయ్ మీదుగానో హైదరాబాద్. మొరాకోకి మీ ఇద్దరికీ విడిగా వీసా చూసుకోవాలి, వాళ్ళ ఎంబసీ సైటులోనే చూడు, ఏజెంటు మాట నమ్మొద్దు. టూర్ అయిన రోజు రాత్రికి ఫ్లైట్ పెట్టుకోకు, మధ్యలో ఒక రాత్రి వదులు. ఇన్సూరెన్సు ఇద్దరికీ తీసుకో, అమ్మ బీపీ సంగతి దాచకుండా రాయి.

ఇంక ఏజెంటుకి ఈ రోజే మెయిల్ పెట్టు. వ్యానులో ఎంతమంది, ముందు సీటు ఇస్తారా, రోజుకి ఎన్ని గంటలు డ్రైవింగ్, ఫెజ్‌లో దింపుతారా, క్యాంపు పేరేంటి, అటాచ్డ్ బాత్రూమేనా, జీపుకి ఎంత, టూర్ నడిపేది వీళ్ళేనా లేక ఇంకెవరికైనా అప్పజెప్తారా, ఇవన్నీ అడిగి రాతపూర్వకంగా తెప్పించుకో. జవాబు రాగానే నాకు పంపు, నేను, పెదనాన్న చూసి చెప్పేదాకా అడ్వాన్స్ కట్టొద్దు. మీ అమ్మతో మోకాళ్ళ డాక్టర్ దగ్గరికి ఈ ఆదివారం అయ్యాక నేనే వెళ్తా, బెజవాడ వెళ్ళే పని ఎలాగూ ఉంది.

ప్రేమతో,
మీ పెద్దమ్మ
బ్రాడీపేట, గుంటూరు