నిమ్మ మీద మరీ అంత నమ్మకమా?

ప్రశ్న: కరోనా రోజుల నుంచి మా ఇంట్లో నలుగురం రోజూ 500 మిల్లీగ్రాముల విటమిన్ సి బిళ్ల చప్పరిస్తున్నాం. అయినా జలుబులు వస్తూనే ఉన్నాయి. మానేస్తే రోగనిరోధక శక్తి తగ్గిపోతుందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: తగ్గదు. పండ్లు, కూరలు సరిగా తింటుంటే నిశ్చింతగా మానేయండి. రెండు నోబెల్ బహుమతులు అందుకున్న లైనస్ పాలింగ్ 1970లో గట్టిగా ప్రచారం చేయడంతో ‘జలుబుకు విటమిన్ సి’ అన్న మాట ప్రపంచమంతా పాకింది. ఆ తర్వాత జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూస్తే, రోజూ 200 మి.గ్రా.కు తగ్గకుండా వేసుకున్న మామూలు జనానికి జలుబులేమీ తగ్గలేదు. వచ్చిన జలుబు మాత్రం పెద్దల్లో 8 శాతం, పిల్లల్లో 14 శాతం త్వరగా వదిలింది. పెద్దలకు వారం రోజుల జలుబులో ఓ పూట కలిసొచ్చిందన్నమాట! అదీ ముందునుంచీ వేసుకుంటున్నవారికే. ముక్కు కారడం మొదలయ్యాక వేసుకున్నవారిలో నిలకడైన ఫలితం లేదు. మారథాన్ పరుగుల వాళ్లు, గడ్డకట్టే చలిలో కఠినంగా శ్రమించే సైనికులు లాంటివారిలో మాత్రం జలుబులు సగానికి తగ్గాయి.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క ప్రకారం రోజుకు మగవారికి 80, ఆడవారికి 65, పాలిచ్చే తల్లులకు 115 మి.గ్రా. కావాలి. వంద గ్రాముల జామపండులో 200 మి.గ్రా. పైనే ఉంటుంది. సగం కాయ తింటే ఆ రోజుకు లోటు లేదు. సిగరెట్లు, బీడీలు తాగేవారికి ఇంకో 35 మి.గ్రా. అదనంగా కావాలి. నిజంగా లోపం వచ్చేది పళ్లు ఊడి, టీ-బిస్కెట్, పెరుగన్నంతో కాలక్షేపం చేసే పెద్దవాళ్లకు. చిగుళ్ల నుంచి రక్తం, చర్మం మీద రక్తపు చుక్కలు, మానని పుండు కనిపిస్తే వాళ్ల గురించి ఆలోచించండి. వారికి మెత్తటి జామపండు గింజలు తీసి మెదిపి ఇవ్వొచ్చు.

ప్రశ్న: నా వయసు 34. హిమోగ్లోబిన్ 9.2. ఐరన్ మాత్ర నిమ్మరసంతో వేసుకోమంటున్నారు. ఎంత నిమ్మరసం తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మాత్రకు మంచినీళ్లు చాలు. విటమిన్ సి కలిపి ఇచ్చినవారిలోనూ, ఉత్త ఐరన్ మాత్ర ఇచ్చినవారిలోనూ హిమోగ్లోబిన్ దాదాపు సమానంగానే పెరిగిందని 2020లో వచ్చిన ప్రయోగ ఫలితం చెబుతోంది. మాత్ర విషయంలో అసలు దెబ్బ కొట్టేవి టీ, కాఫీ, పాలు, కాల్షియం బిళ్లలు. భోజనమైన రెండు గంటలకు మాత్ర వేసుకోండి, వాటికీ దీనికీ కూడా అంతే ఎడం ఉంచండి. వికారంగా ఉంటే కొంచెం తిన్నాక వేసుకోండి. అసలు మానేయడం కంటే అది నయం.

విటమిన్ సి పనికొచ్చేది కంచంలో. పప్పు, తోటకూర, రాగులలోని ఇనుమును పేగులు తేలిగ్గా పీల్చుకోవు. అదే పూట విటమిన్ సి అందితే ఇనుము కరిగే రూపంలో ఉండి ఒంటికి పడుతుంది. అయితే అరచెక్క నిమ్మలో వచ్చేది 5-8 మి.గ్రా. మాత్రమే! పులుపు ఎక్కువ కాబట్టి విటమిన్ కూడా ఎక్కువని అనుకుంటాం. భోజనంతోపాటే నాలుగు జామ ముక్కలో, పచ్చి క్యాప్సికం ముక్కలో తినండి. తర్వాత గంట వరకు టీ వద్దు. నెలసరిలో రక్తస్రావం ఎక్కువగా ఉందేమో డాక్టరుకు చెప్పండి. కారణం తేలకపోతే మాత్రలు ఆపగానే మళ్లీ మొదటికే వస్తుంది. హిమోగ్లోబిన్ 12 దాటాక కూడా ఇంకో మూడు నెలలు వాడాలి.

ప్రశ్న: వండితే విటమిన్ సి అంతా పోతుందా? ఉసిరికాయ పచ్చడి లెక్కలోకి వస్తుందా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: అంతా పోదు. నీటిలో కరగడం, వేడికి, గాలికి చెడడం దీని గుణాలు. ఆకుకూర కడిగాకే తరగండి, తరిగి కడగొద్దు. మూతపెట్టి కొద్ది నీళ్లలో మగ్గించండి, ఆ నీళ్లు వంచేయకండి. పచ్చదనం కోసం చిటికెడు వంటసోడా వేసే అలవాటుంటే మానండి, క్షారానికి ఈ విటమిన్ నిలవదు. పులిహోరకు పొయ్యి ఆపి, అన్నం కాస్త చల్లారాకే రసం పిండండి. రాగి పాత్రలో నిమ్మరసం కలపొద్దు: రాగి విటమిన్‌ను త్వరగా చెడగొడుతుంది, పులుపుకు రాగి కూడా రసంలోకి దిగుతుంది.

పచ్చడి రుచికే. నూనెలో వేగి, నెలల తరబడి జాడీలో ఉన్నాక మిగిలేది తక్కువ, చెంచాడుకు మించి తినలేం కూడా. పచ్చి పెద్ద ఉసిరికాయ ఒక్కటి తింటే ఆ రోజుకు దాదాపు సరిపోతుంది. కార్తీకంలో దొరికినన్నాళ్లు తినండి.

ప్రశ్న: నాకు షుగరు, బీపీ ఉన్నాయి. రెండేళ్ల క్రితం కిడ్నీలో రాయి వచ్చింది. నీళ్లలో వేస్తే పొంగే 1000 మి.గ్రా. బిళ్ల రోజూ తాగొచ్చా?
– ఒక పాఠకుడు, బళ్లారి

జవాబు: వద్దు. ఎక్కువైన విటమిన్ సి ఒంట్లో కొంత ఆక్సలేట్‌గా మారి మూత్రంలోకి వెళ్తుంది, చాలా రాళ్లకు మూలం అదే. పొంగడానికి అందులో వాడేది వంటసోడా లాంటి సోడియం లవణం, మీ బీపీకి మంచిది కాదు. పెద్ద మోతాదులు కొన్ని గ్లూకోమీటర్లను తప్పుదోవ పట్టించి షుగర్ ఎక్కువగా చూపించగలవు. అది చూసి ఇన్సులిన్ పెంచితే ప్రమాదం. సగం దోర జామకాయ తినండి, రసం తీయకుండా.

ప్రశ్న: మచ్చలకు ముఖానికి నిమ్మచెక్క రుద్దొచ్చా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: రుద్దొద్దు. నిమ్మరసం అంటిన చోట ఎండ తగిలితే చర్మం బొబ్బలెక్కి, నెలల తరబడి నల్లమచ్చ ఉండిపోవచ్చు. ఇప్పటికే రుద్ది ఉంటే సబ్బుతో కడిగేసి, ఒకట్రెండు రోజులు ఎండలోకి వెళ్లకండి.