జాంబియా వెనుకబాటుకు కారణం వలస పాలనా, సొంత నాయకులా?

స్వాతంత్ర్యం వచ్చి అరవై ఏళ్లు గడిచినా ఆఫ్రికా దేశాలు ఇంకా వలస పాలకులనే నిందించడం న్యాయమేనా, అదే పాలనలో మగ్గిన భారతదేశం నిలదొక్కుకోలేదా అని మీరు అడిగారు. ఆఫ్రికా ఖండమంతటి గురించి మాట్లాడే అర్హత నాకు లేదు. 1980లలో జాంబియాలోని కిట్వేలో, రాగి గనుల ప్రాంతంలో, గణితం బోధించిన ఉపాధ్యాయుడిగా ఆ ఒక్క దేశం గురించి చెప్పగలను.

1964 అక్టోబరు 24న బ్రిటిష్ పాలనలోని ఉత్తర రొడీషియా జాంబియాగా అవతరించే నాటికి సుమారు 35 లక్షల జనాభాలో పట్టభద్రులు దాదాపు వంద మంది. దేశంలో విశ్వవిద్యాలయమే లేదు; లుసాకాలో మొదటిది 1966లో తెరిచారు. గనుల్లో నైపుణ్యం కావలసిన ఉద్యోగాలను దశాబ్దాల పాటు తెల్లవారికే కేటాయించారు. మా బడిలో పనిచేసిన ఒక పెద్దాయన తన చిన్నతనంలో మాంసం దుకాణం లోపలికి అడుగు పెట్టనిచ్చేవారు కాదని, గోడకున్న చిన్న కిటికీలోంచి డబ్బు అందించి, పొట్లంలో ఏ ముక్క చుట్టారో చూసుకోకుండానే తీసుకెళ్లవలసి వచ్చేదని చెప్పారు. అలా పెరిగిన తరమే ఉన్నట్టుండి మంత్రిత్వ శాఖలను నడపవలసి వచ్చింది.

చదువుల లోటును కొన్నేళ్లలో కొంతైనా పూడ్చవచ్చు గానీ దారుల సంగతి అలా కాదు. జాంబియాకు సముద్ర తీరం లేదు. అప్పట్లో ఎగుమతి ఆదాయంలో తొంభై శాతానికి పైగా తెచ్చే రాగి దక్షిణ రొడీషియా (నేటి జింబాబ్వే) మీదుగానో, పోర్చుగల్ ఏలుబడిలోని అంగోలా, మొజాంబిక్ రేవుల నుంచో బయటికి పోవలసి వచ్చేది. గనులకు బొగ్గు ఆ రొడీషియాలోని వాంకీ నుంచే రావలసి వచ్చేది. కరీబా ఆనకట్ట రెండు దేశాల మధ్య నది మీద ఉన్నా, విద్యుత్కేంద్రాన్ని మాత్రం దక్షిణ గట్టున కట్టారు. 1965 నవంబరు 11న రొడీషియాలోని శ్వేతజాతి ప్రభుత్వం ఏకపక్షంగా స్వతంత్రం ప్రకటించుకోగానే ఆ దారిన చమురు రావడం ఆగిపోయి, ఏడాది వయసున్న జాంబియా పెట్రోలును విమానాల్లో తెప్పించుకోవలసి వచ్చింది. టాంజానియా రేవు దార్ ఎస్ సలామ్ నుంచి చమురు గొట్టపు మార్గం 1968లో వచ్చింది. చైనా సాయంతో దాదాపు 1,860 కిలోమీటర్ల టాంజానియా-జాంబియా (టజారా) రైలు మార్గం 1975లో పూర్తయింది. అయితే అప్పటికే, 1974లో శిఖరానికి చేరిన రాగి ధర సగానికి పైగా పడిపోయి ఉంది. లండన్ మార్కెట్లో నిర్ణయమయ్యే ఆ ధరపై అధ్యక్షుడు కెన్నెత్ కౌండా ప్రభుత్వానికి ఏ అదుపూ లేదు. మళ్లీ పెరుగుతుందన్న ఆశతో అప్పులు చేస్తూ పోయింది.

ఇక్కడి నుంచి తప్పు పాలకులది కూడా అని నేను గట్టిగా నమ్ముతాను. రాగి బాగా పలికిన కాలంలో వ్యవసాయాన్ని పట్టించుకోలేదు. 1973లో ఏకపార్టీ వ్యవస్థను తేవడంతో ఆ పొరపాటును ఎత్తిచూపే ప్రతిపక్షమూ లేకుండా పోయింది. దాని ఫలితాన్ని నా తరగతి గదిలోనే చూశాను. మొక్కజొన్న పిండి దొరకని రోజుల్లో పిల్లలు తెల్లవారకముందే తల్లులతో వరుసల్లో నిలబడేవారు, మొదటి పీరియడులో సగం బల్లలు ఖాళీగా ఉండేవి. 1986 డిసెంబరులో అంతర్జాతీయ ద్రవ్యనిధి షరతుల ప్రకారం మెత్తని పిండిపై సబ్సిడీ తీసేసి, ముతక పిండిపై మాత్రం ఉంచారు. మిల్లుల వారికి సర్కారు సొమ్ము సకాలంలో వస్తుందన్న నమ్మకం లేక ముతక పిండి ఆడడం తగ్గించేశారు. పేదలకు రెండూ అందలేదు. కిట్వేలోనూ ఇతర గని పట్టణాల్లోనూ అల్లర్లు చెలరేగి ప్రాణాలు పోయాయి, ప్రభుత్వం ధరల పెంపును వెనక్కి తీసుకుంది.

ఇక భారతదేశంతో పోలిక. బ్రిటిష్ పాలన మనల్ని పీల్చి పిప్పి చేసిందనడంలో నాకు సందేహం లేదు. అయినా మద్రాసు విశ్వవిద్యాలయం 1857లో, ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో మొదలయ్యాయి. 1947 నాటికి మన దగ్గర న్యాయవాదులు, ఇంజనీర్లు, గుమాస్తాలు, పత్రికలు, సొంత రేవులు ఉన్నాయి. నాలాంటి ఉపాధ్యాయులను కిట్వేకు పంపగలిగామంటే ఆ పునాది ఉండబట్టే. జాంబియాకు ఆ పునాది వేసుకోవడమూ, పొరుగున యుద్ధాలను తట్టుకోవడమూ ఒకే దశాబ్దంలో మీద పడ్డాయి.