ఆరేళ్ల పాపకు గోలియత్ సాలీడు గురించి ఎలా చెప్పాలి?

మీ పాప ఫోన్‌లో "పిట్టల్ని తినే రాకాసి సాలీడు" వీడియో చూసి, రాత్రిళ్లు లైటు ఆర్పనివ్వడం లేదని రాశారు. నేను ఒకటి, రెండు తరగతుల పిల్లలకు పాఠాలు చెబుతాను. మా క్లాసులో కూడా ఈ సాలీడు గురించి చాలాసార్లే మాట్లాడుకున్నాం. నేను చూసినంతవరకు "ఏం కాదు, భయపడకు" అన్నందువల్ల పిల్లల భయం పోదు. అది ఎక్కడ ఉంటుంది, ఏం తింటుంది, ఎలా బతుకుతుంది అని వివరంగా చెబితే, వాళ్లే ఎదురు ప్రశ్నలు వేయడం మొదలుపెడతారు.

"అది మన ఇంటికొస్తుందా?" అన్నదే అందరూ మొదట అడిగేది. గ్లోబు తీసి దక్షిణ అమెరికా ఉత్తర భాగం చూపించండి. వెనిజులా, గయానా, సురినామ్, ఫ్రెంచ్ గయానా, బ్రెజిల్‌ల వానాడవుల్లో, తడి నేలలోని బొరియల్లో ఉంటుందది. రాత్రిపూట బయటికొచ్చినా, ఆ బొరియకు ఎక్కువ దూరం పోదు. మన దేశానికి రావాలంటే మధ్యలో మహాసముద్రాలే ఉన్నాయి.

సైజు దాచకండి. నేను సుద్దముక్కతో నేలమీద బొమ్మ గీస్తాను. కాళ్లన్నీ చాపితే దాదాపు 28 సెంటీమీటర్లు, అంటే అన్నం తినే కంచమంత. బరువు 170 గ్రాముల దాకా తూగుతుంది. ప్రపంచంలోని సాలీళ్లన్నిట్లో బరువైనది ఇదే.

దానికి ఎనిమిది కళ్లున్నా చూపు అంతంతమాత్రమే. ఎవరు వస్తున్నారో నేల అదురును బట్టి కాళ్లతో, ఒంటిమీది వెంట్రుకలతో కనిపెడుతుంది. ఇది మాత్రం మాటల్లో చెప్పి వదిలేయకండి, ఆడించండి. పాపను కళ్లు మూసుకుని బల్లమీద రెండు అరచేతులూ ఆనించమనండి. మీరు ఒక చివర వేలితో మెల్లగా తట్టండి. ఎటువైపు తట్టారో చెప్పమనండి. తర్వాత ఇంకా మెల్లగా తట్టండి. మా పిల్లలు ఈ ఆటను ఒక పట్టాన వదలరు. సాలీడు చీకట్లో ఎలా వేటాడుతుందో ఎవరూ చెప్పకుండానే వాళ్లకు అర్థమైపోతుంది.

ఇక పిట్టల సంగతి. ఇది ఎక్కువగా తినేది వానపాముల్ని, పురుగుల్ని. కప్పలు, చిన్న ఎలుకలు దొరికితే వాటినీ తింటుంది. పిట్ట దొరకడం చాలా అరుదు. మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి సురినామ్ వెళ్లి పురుగుల్ని, మొక్కల్ని దగ్గరగా చూసి బొమ్మలు వేసింది. 1705లో వచ్చిన ఆమె పుస్తకంలో ఒక సాలీడు హమ్మింగ్‌బర్డ్ అనే బుల్లి పిట్టను తింటున్న బొమ్మ ఉంది. ఆ బొమ్మలో ఉన్నది చెట్లమీద ఉండే వేరే సాలీడు. పిట్టల్ని తింటుందన్న పేరు అక్కడినుంచే వచ్చింది. ఆమె కథ కూడా చెప్పండి. ఆ రోజుల్లో కూతుర్ని వెంటబెట్టుకుని ఓడలో అంత దూరం వెళ్లిందంటే పిల్లలు నోరు తెరుచుకుని వింటారు.

కుడుతుందా అని అడిగితే నిజమే చెప్పండి. కోరలు పెద్దవే, కరిస్తే నొప్పి పుడుతుంది, కానీ మనిషి ప్రాణం తీసేంత విషం కాదు. అసలు ముందు కరవదు కూడా. వెంట్రుకలు రాపిడి చేసి బుస్సుమని చప్పుడు చేస్తుంది. అప్పటికీ వెళ్లకపోతే, వెనక కాళ్లతో పొట్టమీది సన్నని వెంట్రుకల్ని గాల్లోకి రాలుస్తుంది. అవి ఒంటికి, కళ్లకు తగిలితే భలే దురద. వెనిజులాలోని పియరోవా ప్రజలు ఆ వెంట్రుకల్ని కాల్చేసి, ఈ సాలీడును వండుకు తింటారు. ఇది విన్నాక మా క్లాసులో భయం సగం తగ్గిపోతుంది.

"మన దగ్గర ఇలాంటివి ఉన్నాయా?" అని కూడా అడుగుతుంది. ఒకటుంది. అనంతపురం జిల్లా గుత్తిలో దొరికిన ఆ సాలీడుకు 1899లో శాస్త్రీయ నామం పెట్టారు. మెరిసే నీలిరంగు టరాంటులా అది, అంటే గోలియత్‌లాగే ఒళ్లంతా వెంట్రుకలుండే పెద్ద సాలీడు. నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో చెట్ల తొర్రల్లో బతుకుతుంది. ఇప్పుడు అంతరించిపోయే ప్రమాదంలో ఉంది. దీని కాటు గోలియత్ కాటుకన్నా ఎక్కువ బాధపెడుతుంది కాబట్టి, ఏ సాలీడునైనా చూడొచ్చు కానీ ముట్టుకోకూడదని పాపకు చెప్పండి. మీ గోడమీద కనిపించే పెద్ద సాలీడు మాత్రం ఈ రెండూ కాదు, బొద్దింకల్ని పట్టి తినే వేరే రకం.