సర్క్యూట్ బోర్డు టెస్ట్‌లో మొదటిసారి ఫెయిలై, తీసి మళ్లీ పెడితే పాసవుతోంది. తప్పు ఎక్కడ?

చాలాసార్లు తప్పు బోర్డులో ఉండదు, ప్రోబ్ పిన్ (టెస్ట్ యంత్రంలో స్ప్రింగ్ మీద ఉండే సన్నటి కొలత సూది) మొన ప్యాడ్‌కి (బోర్డు మీది చిన్న లోహపు బిళ్లకి) సరిగ్గా తగలకపోవడంలో ఉంటుంది. సోల్డరింగ్ తర్వాత ప్యాడ్ మీద మిగిలే ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకోవడానికి వాడే పదార్థం) పొర కరెంటును అడ్డుకుంటుంది. అది కొద్దికొద్దిగా పిన్ మొనకు అంటుకుని గట్టిపడుతుంది. రెండోసారి నొక్కినప్పుడు మొన కాస్త పక్కన దిగి పొరను చీలుస్తుంది, రీడింగ్ సరిగ్గా వస్తుంది.

ఉదాహరణకు 10 ఓమ్‌ల రెసిస్టర్ 14 చూపిస్తోందనుకోండి. ఆ అదనపు 4 ఓమ్‌లు కాంటాక్ట్‌వి, అంటే మొన ప్యాడ్‌కి తగిలే చోటివి కావచ్చు. అదే 10 కిలో ఓమ్‌ల రెసిస్టర్ అయితే ఈ 4 తేడా కనిపించనే కనిపించదు. అందుకే తక్కువ విలువల దగ్గరే ముందు గొడవ మొదలవుతుంది. వేర్వేరు బోర్డులు పెట్టినా ఒకే పిన్ దగ్గర ఫెయిలవుతుంటే అనుమానం పిన్ మీదే. ఒకే బోర్డు ఏ ఫిక్స్చర్‌లో (బోర్డును పట్టి ఉంచి పిన్‌లను తాకించే చట్రంలో) పెట్టినా మొరాయిస్తే మాత్రం సోల్డర్ జాయింట్‌లో పగులు ఉందేమో చూడాలి (నొక్కినప్పుడు అది కూడా తాత్కాలికంగా అతుక్కుంటుంది!).

స్ప్రింగ్ ఇంకా గట్టిది వేస్తే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. మొన మీదే మురికి పేరుకుంటే బలం పెంచి లాభం లేదు, పైగా బోర్డు వంగుతుంది. మొనను గరుకు కాగితంతో రుద్దడం ఇంకా చెడ్డ పని: బంగారు పూత లేచిపోతుంది. మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేయండి, అరిగితే పిన్ మార్చేయండి.