ఏడు రోజుల గైడ్ కెప్టెన్ బేసిక్ కోర్సు: ఈ వయసులో వెళ్ళాలా అని అడిగిన టీచర్‌కు

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ. మీది భూపాలపల్లి వైపు ఒక హైస్కూలు. హెడ్మాస్టర్ గారు మిమ్మల్ని అడగకుండానే మీ పేరు గైడ్ కెప్టెన్ (బడిలో ఆడపిల్లల గైడ్స్ జట్టును నడిపే టీచర్) బేసిక్ కోర్సుకు రాసి పంపారు. ఏడు రోజులు అక్కడే ఉండాలి. మీకు 42 ఏళ్ళు, ఎడమ మోకాలు నొప్పి, చిన్నప్పుడు స్కౌట్స్, గైడ్స్ ఊసే తెలియదు. "ఈ వయసులో తాళ్ళు ముడేసుకుంటూ కూర్చోవాలా? లోపల అసలు ఏం చేయిస్తారు? వచ్చాక ఏం చేయాలి?" అని అడిగారు.

వెళ్ళండి మేడమ్. నేను 45 ఏళ్ళకు వెళ్ళాను. వరంగల్ జిల్లాలో సోషల్ చెప్తాను, నాకూ ఒక మోకాలు సరిగ్గా లేదు. వెళ్ళిన రోజు సాయంత్రమే ఇంటికి ఫోన్ చేసి ఏదో ఒక సాకు చెప్పి వచ్చేస్తానన్నాను. మా ఆయన "రేపు పొద్దున వరకు ఆగు" అన్నారు. ఆగినందుకు ఇవాళ ఇంత రాస్తున్నాను.

ముందు మీ భయం సంగతి. అక్కడ నేర్పేది ముడులు అనుకుంటున్నారు కదా, నేనూ అట్లనే అనుకున్నా. ముడులు ఉంటాయి, కానీ కోర్సు అసలు పని వేరు. మిమ్మల్ని మళ్ళీ పదకొండేళ్ళ పిల్లను చేసి, ఒక గుంపులో వేసి, మీ తోటివాళ్ళలో ఒకరి మాట మీరు వినేలా చేస్తారు. ఇరవై ఏళ్ళుగా నలభై మంది పిల్లల్ని ఒక్క కేకతో కూర్చోబెట్టిన మనకు అదే కష్టం. ముడి రెండో రోజుకు వచ్చేస్తుంది. ఈ వినడం మాత్రం నాకు అయిదో రోజుకు గానీ రాలేదు.

మొదటి సాయంత్రం మమ్మల్ని నాలుగు పెట్రోల్స్‌గా, అంటే చిన్న గుంపులుగా విడదీసి, ఒక్కో పెట్రోల్‌కు ఒక పువ్వు పేరు పెట్టుకోమన్నారు. బతుకమ్మ పేర్చే ఊళ్ళ నుంచి వచ్చిన ఆడవాళ్ళం, పూల పేర్లకు మాకేం తక్కువ! తంగేడు, గునుగు, బంతి, కట్ల అని నిమిషంలో తేల్చేశాం. నాది తంగేడు. ఏడుగురం ఉన్నాం. నర్సంపేట నుంచి ఒక తెలుగు టీచర్, జనగామ నుంచి ఇద్దరు, ములుగు నుంచి ఒకరు, పరకాల నుంచి అప్పుడే ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి, ప్రైవేటు స్కూలు నుంచి ఒకరు, నేను. అందరిలోకీ పెద్దదాన్ని నేను, చిన్నది పరకాల టీచర్. మొదటి రోజు పెట్రోల్ లీడర్‌గా ఆమెనే పెట్టారు. కావాలనే పెట్టారని నాకు తర్వాత తెలిసింది.

ఆ రాత్రి ట్రైనర్ సార్ ఈ పద్ధతి ఎక్కడిదో చెప్పారు. 1907 ఆగస్టులో, స్కౌటింగ్ మొదలుపెట్టిన బేడెన్ పవెల్ ఇంగ్లండ్‌లోని బ్రౌన్సీ దీవికి 20 మంది పిల్లల్ని తీసుకెళ్ళాడు. కొందరు డబ్బున్న ఇళ్ళవాళ్ళు, కొందరు పనివాళ్ళ పిల్లలు. వాళ్ళను కలిపి నాలుగు పెట్రోల్స్ చేసి, ఒక్కో దానికి ఒక పిల్లవాణ్ణే నాయకుడిగా పెట్టాడు. పన్నెండేళ్ళ తర్వాత, 1919లో లండన్ దగ్గర గిల్‌వెల్ పార్క్‌లో పెద్దవాళ్ళకు మొదటి శిక్షణ జరిగినప్పుడు, వాళ్ళనూ పిల్లల్లాగే పెట్రోల్స్‌గా విడదీశారు. అంటే మనకు చేసేది కొత్తదేం కాదు, నూరేళ్ళు దాటిన అలవాటు. మన దగ్గర వేర్వేరుగా ఉన్న సంఘాలు కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది 1950 నవంబర్ 7న. సోషల్ టీచర్‌ను, ఇవేవీ నాకు తెలియవు. ఆ రాత్రి దుప్పట్లో టార్చి పెట్టుకుని నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

దినచర్య గురించి ఎక్కువ భయపడకండి. పొద్దున్నే అయిదింటికి విజిల్, బేడెన్ పవెల్ ఆరు వ్యాయామాలు, ఊడ్చుకోవడం, తనిఖీ, జెండా, ప్రార్థన, పాఠాలు, మధ్యాహ్నం బయట పనులు, ఆటలు, రాత్రి క్యాంప్ ఫైర్. తనిఖీలో కంచం అడుగు కూడా తిప్పి చూస్తారు. మసి ఉంటే పెట్రోల్ మొత్తానికి మార్కు పోతుంది, మీకొక్కరికే కాదు. ఎవరి కంచం వాళ్ళు కడుక్కున్న మేము మూడో రోజుకల్లా పక్కవాళ్ళ కంచం కూడా వెలుగులో పెట్టి చూడటం మొదలుపెట్టాం.

ఇప్పుడు వెదురు బొంగులు కట్టిన సంగతి చెప్తా. రెండో రోజు మధ్యాహ్నం స్క్వేర్ లాషింగ్. ఒక బొంగు నిలువుగా, ఒకటి అడ్డంగా పెట్టి తాడుతో కదలకుండా కట్టాలి. నిలువు బొంగుకు క్లోవ్ హిచ్ అనే ముడి వేసి మొదలుపెట్టాలి, అడ్డం బొంగును కలుపుకుంటూ మూడు చుట్లు, ఆ తర్వాత రెండు బొంగుల నడుమ నుంచి తాడును తీసి ఆ చుట్ల మీదే రెండు బిగింపు చుట్లు, చివర అడ్డం బొంగు మీద మళ్ళీ క్లోవ్ హిచ్. వినడానికి ఇంతే. నేను కట్టింది పట్టుకుని ఊపితే తలుపు గడియలా ఊగింది. మూడు సార్లు విప్పాను. పరకాల టీచర్ నా చేతిలో తాడు లాక్కోలేదు. పక్కన గొంతుక్కూర్చుని, "అక్కా, చుట్టేటప్పుడు కాదు, ప్రతి చుట్టు అయినంక బిగించు, మీ బరువంతా వెనక్కి వెయ్" అంది అంతే. వాళ్ళ నాన్న గీత కార్మికుడట. తాటిచెట్టెక్కే ముందు మోకును కాలితో తొక్కి, రెండు చేతులా లాగి చూసుకునేవాడట. "నాన్న తాడును కళ్ళతో చూడడు, బరువుతో చూస్తడు" అంది. నేను మడమ నేలకు తన్నిపెట్టి, నడుము వెనక్కి వాల్చి లాగాను. కిర్రుమని బొంగు చప్పుడు చేసింది. ఊపితే రెండూ ఒకే కట్టెలా కదిలాయి. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. దాంతోనే చెప్పుల స్టాండు, కంచాల స్టాండు కట్టాం, చివరి రోజు వరకు నిలబడ్డాయి.

నాలుగో రోజు నా వంతు వచ్చింది, నేను లీడర్. ఆ రోజు వంట మాదే. మూడు రాళ్ళ పొయ్యి, రెండే అగ్గిపుల్లలు, కిచిడీ, కాల్చిన వంకాయ తొక్కు. ములుగు టీచర్ పచ్చి కట్టెలు పెడుతుంటే "ఇటివ్వండి" అని నేనే తీసుకున్నాను. నర్సంపేట టీచర్ ఉల్లిగడ్డ లావుగా తరుగుతుంటే కత్తి నేనే పట్టాను. ఉప్పూ నేనే, ఊదుగొట్టమూ నేనే. అన్నం బాగా కుదిరింది, అన్ని పెట్రోల్స్ కంటే ముందు మాదే దిగింది. గర్వంగా ఉంది నాకు.

ఆ సాయంత్రం కోర్ట్ ఆఫ్ ఆనర్ పెట్టారు. అంటే పెట్రోల్ లీడర్లందరూ కూర్చుని ఆ రోజు సంగతులు మాట్లాడుకునే సభ. ట్రైనర్ మేడమ్ "తంగేడు ఈ రోజు ఏం చేసింది?" అని అడిగారు. నేను పొయ్యి వెలిగించాను, నేను తరిగాను, నేను వడ్డించాను అని చెప్పుకుంటూ పోయాను. ఆమె అంతా విని, "మంచిది. మీ ఆరుగురు ఏం చేశారు?" అని మళ్ళీ అడిగారు. నాకు మాట రాలేదు. వాళ్ళు చేతులు కట్టుకుని నిలబడ్డారు, నా క్లాసులో వెనక బెంచీ పిల్లలు నిలబడినట్టే. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో ఎన్ని సైన్స్ ఫెయిర్ చార్టులు పిల్లల పేరు మీద నేనే గీశానో ఆ క్షణం ఒక్కొక్కటీ గుర్తొచ్చింది. రాత్రి నిద్ర పట్టలేదు.

మీరు ఈ జవాబులో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటే ఇది గుర్తుపెట్టుకోండి. మీ వంతు వచ్చిన రోజు చేతులు వెనక్కి కట్టుకోండి. పని చెప్పండి, పక్కన ఉండండి, అన్నం మాడినా సరే ముట్టుకోకండి.

అయిదో రోజు హైక్. మమ్మల్ని ఖిలా వరంగల్‌కు తీసుకెళ్ళారు. కోటను నేను పాఠంలో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. మట్టికోట, రాతికోట, అగడ్త, స్వయంభూ ఆలయం చుట్టూ నాలుగు కీర్తి తోరణాలు, పక్కన ఖుష్ మహల్. కానీ దిక్సూచి పట్టుకుని ఎప్పుడూ నడవలేదు. నాలుగు తోరణాలు నాలుగు దిక్కుల్లో ఉంటాయని పిల్లలతో చదివించాను, ఒక తోరణం కింద నిలబడి ఎదుటిది ఎన్ని డిగ్రీల్లో ఉందో చూడటం మాత్రం అప్పుడే. మొదటిసారి నా సూది ఎక్కడెక్కడికో తిరిగింది. అదే చేతిలో సెల్‌ఫోన్ ఉంది, అందులోని అయస్కాంతం సూదిని లాగేస్తోందని జనగామ టీచర్ కనిపెట్టింది. ఫోన్ దూరంగా పెట్టాక సూది కుదురుకుంది. తర్వాత తోరణం ఎత్తు అంచనా కట్టమన్నారు. తోరణం పక్కన ఒకరిని నిలబెట్టి, దూరం నుంచి చేయి చాచి పుల్ల మీద ఆమె ఎత్తును వేలితో గుర్తుపెట్టుకుని, అలాంటివి పైకి ఎన్ని పడతాయో లెక్కపెట్టడం. ఆ వెళ్ళొచ్చిన నెలలోనే మా ఏడో తరగతిని కోటకు తీసుకెళ్ళాను. కాకతీయుల పాఠం అంత బాగా ఎప్పుడూ చెప్పలేదు.

బాగాలేనివీ చెప్పాలి, లేకపోతే మీకు అన్యాయం చేసినట్టే. మేమున్న చోట అంతమంది ఆడవాళ్ళకు బాత్రూములు చాలలేదు, రెండు రోజులు నీళ్ళు రాలేదు. అది శిక్షణలో భాగం అని ఎవరో అన్నారు, నేను ఒప్పుకోలేదు, ఇప్పుడూ ఒప్పుకోను. కష్టం నేర్పడం వేరు, ఏర్పాటు చేయకపోవడం వేరు. మొహమాటపడకుండా మొదటి రోజే అడగండి, నలుగురు కలిసి అడగండి. మధ్యాహ్నం భోజనం తర్వాత ఒకాయన నోట్సు చూసి రెండు గంటలు చదివారు, అందరం కునికాం. అట్లాంటివి ఒకటి రెండు ఉంటాయి.

మోకాలు సంగతి: చేరిన గంటలోనే ట్రైనర్‌కు చెప్పండి, రోజూ వేసుకునే మాత్రలుంటే అవీ చెప్పండి. నేను సిగ్గుపడి దాచి మొదటి పొద్దునే వ్యాయామాల్లో కిందికి వంగి లేవలేకపోయాను. చెప్పాక నా వరకు మార్చి చేయించారు, ఎవరూ చిన్నచూపు చూడలేదు. కొత్త బూట్లు వేసుకుని వెళ్ళకండి, పాతవే వేసుకోండి.

వచ్చాక ఏం అని కూడా అడిగారు కదా. సర్టిఫికెట్ బీరువాలో పెట్టేస్తే ఈ ఏడు రోజులూ వృథా. ఒక్క పెట్రోల్‌తో అయినా సరే మొదలుపెట్టండి, మీ బడి గైడ్స్ జట్టును యూనిట్‌గా రిజిస్టర్ చేయించండి. పిల్లలు ప్రవేశ్, ప్రథమ సోపాన్, ద్వితీయ సోపాన్, తృతీయ సోపాన్, రాజ్య పురస్కార్ అని ఒక్కో మెట్టూ ఎక్కుతారు. యూనిట్ నడిపిన అనుభవం వచ్చాక మీరు అడ్వాన్స్‌డ్ కోర్సుకు, ఆ తర్వాత హిమాలయ వుడ్ బ్యాడ్జ్‌కు వెళ్ళొచ్చు. అది పూర్తయినవాళ్ళ మెడలో తోలు తాడుకు రెండు చెక్క పూసలు కనిపిస్తాయి. నేను అడ్వాన్స్‌డ్ వరకు వచ్చాను, పూసలు ఇంకా రాలేదు. కావాలని ఉంది, దాచుకోను.

మా బడిలో మొదటి పెట్రోల్ మొదలుపెట్టిన నెలలో పిల్లలు జెండా కోసం మూడు బొంగులతో ఒక స్టాండు కట్టారు. మూడు సార్లు కూలింది. నేను వేపచెట్టు కింద కుర్చీ వేసుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చున్నా. నాలుగోసారి ఎనిమిదో తరగతి పిల్ల, ఇంట్లో బర్రెల్ని కట్టేసే పిల్ల, మిగతావాళ్ళతో "ఒక్కో చుట్టు అయినంక గుంజుండ్రే" అంది. నేను చెప్పలేదు ఆ మాట. ఆ స్టాండు నెల దాకా నిలబడింది, కోతులు వచ్చి పీకేదాకా.

ఒక్కటి మరిచాను. తాడు అక్కడ ఇస్తారు కానీ మీది మీరే పట్టుకెళ్ళండి, పది అడుగులు, నూలు తాడు. నైలాన్ వద్దు, జారుతుంది, ముడి నిలవదు. రెండు కొసలకూ ఇంట్లోనే దారం గట్టిగా చుట్టి ముడేసుకోండి, లేకపోతే రెండో రోజుకే పురులు ఊడిపోతాయి.